ఎయిర్‌పోర్టుల కెమెరా తియ్యాలంటే ముందు నేల ఎవరిదో అడగాలె

మొన్న నర్సంపేట నుంచి ఒక పిల్లగాడు ఫోన్ చేసిండు. "అన్నా, షార్ట్ ఫిల్మ్ తీస్తున్నం. హీరో దుబాయి పోయే సీను ఉన్నది. శంషాబాద్ పోయి గేటు కాడ రెండు షాట్లు కొట్టుకోని వస్తం. ఏమన్న అంటరా?" అని. ఏమీ అనరు, కెమెరాల మెమరీ కార్డు గుంజుకుంటరు అని చెప్పిన.

మన వరంగల్లోళ్ళకు ఈ ధైర్యం యాడికెళ్లి వచ్చిందో నాకెరుకే. మామునూరు రన్‌వే మన కండ్ల ముందట ఏండ్ల తరబడి ఖాళీగ పడి ఉన్నది. నిజాం జమానల, 1930 సంవత్సరంల కట్టింది. 1981 నుంచి బందయింది. నేను స్కూటర్ నేర్చుకున్నది ఆ రన్‌వే మీదనే. బండి వెనక కూసోని కెమెరా వణకకుంట పట్టుకునుడు నేర్చింది గూడ ఆడనే. అట్ల మనకు ఎయిర్‌పోర్టంటే పెద్ద మైదానమన్నట్టు మనసుల నాటుకపోయింది. 2025 ఫిబ్రవరిల మామునూరుకు కేంద్రం పచ్చజెండా ఊపినంక, ఇగ మనూరి పిల్లలు గూడ అసలు ఎయిర్‌పోర్టు కాయిదాలు నేర్చుకోవాలె. నేను హన్మకొండల 22 ఏండ్లు న్యూస్ కెమెరా పట్టిన, ఇప్పుడు చిన్న సినిమాలకు ప్రొడక్షన్ పని చూస్తున్న. రెండు దిక్కులా తిట్లు తిన్నోన్ని గనుక చెప్తున్న.

ఎయిర్‌పోర్టుల ఒక్క యజమాని ఉండడు. భవనం ఒకరిది, కాపలా ఒకరిది, రూలు ఒకరిది. శంషాబాద్‌ను నడిపేది జీఎంఆర్ కంపెనీ. బేగంపేట, మన మామునూరు భూమి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి. గేటు కాడ తుపాకి పట్టుకోని నిలబడ్డది సీఐఎస్ఎఫ్, అంటే కేంద్రం భద్రతా దళం. 1999 డిసెంబర్‌ల కాందహార్ హైజాక్ అయినంక, 2000 ఫిబ్రవరిల జైపూర్ నుంచి మొదలుపెట్టి ఎయిర్‌పోర్టులు వాళ్ళ చేతికిచ్చిండ్రు. ఎవరు లోపటికి పోవచ్చో, ఏ పాసు మీద పోవచ్చో తేల్చేది బీసీఏఎస్, అంటే విమాన భద్రత చూసే బ్యూరో. విమానం లోపటి సంగతి డీజీసీఏది, అంటే పౌర విమానయానం చూసే కేంద్ర సంస్థది. ఒకరు "సరే" అన్నరని ఇంకొకరు ఒప్పుకోవాల్నని ఏం లేదు. మేనేజర్ సార్ నవ్వుకుంట తల ఊపిండని నేను కెమెరా తీస్తే, పది అడుగుల దూరంల ఉన్న జవాను వచ్చి లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టిండు. ఇద్దరిదీ తప్పు లేదు. ఎవని పని వాడు చేసిండు. నేనే నోటిమాటను పర్మిషన్ అనుకున్న.

అందుకే కెమెరా బ్యాగు జిప్పు తీసే ముందు కాళ్ళ కింద నేల ఎవరిదో అడుగుండ్రి. బయట కార్లు ఆగే రోడ్డు, ఫుట్‌పాత్ ఎయిర్‌పోర్టు కంపెనీవే. సర్కారు రోడ్డు కాదది. ఆడ నిలబడి లైవ్ ఇయ్యాలన్నా కంపెనీ మీడియా వ్యవహారాలు చూసేటోళ్ళకు ముందే మెయిల్ పెట్టాలె. తలుపు దాటి టెర్మినల్‌లకు పోవాలంటే టికెట్ గానీ పాసు గానీ ఉండాలె. టికెట్ కొనుక్కోని లోపటికి పోయి షూటింగ్ చేసేద్దమని తెలివి చేసేటోళ్ళున్నరు. టికెట్ ప్రయాణానికి ఇచ్చింది, పనికి కాదు. సెక్యూరిటీ చెక్ లైను, ఎక్స్‌రే తెర, ఇమిగ్రేషన్, కస్టమ్స్, జవాన్లు నిలబడే జాగాలు, వీటి దిక్కు లెన్సు తిప్పనే తిప్పద్దు. వెనకాల మసక మసకగ పడ్డా తీసెయ్యమంటరు. ఇగ విమానాలు నిలబడే దిక్కు పోవాలంటే బీసీఏఎస్ పద్ధతి ప్రకారం తాత్కాలిక ఎంట్రీ పర్మిట్ కావాలె, పక్కన తోలుకపోయే మనిషి ఉండాలె. ఆ మనిషిని విడిచి పది అడుగులు అటు పోవద్దు.

న్యూస్ పిల్లలకు నేను ఎక్కువ చెప్పాల్సింది గల్ఫ్ వార్తల గురించి. మన ఉత్తర తెలంగాణ రిపోర్టరు శంషాబాద్ పోయేది హీరోయిన్ల కోసం గాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ దిక్కు మనుషులు వస్తరు, ఒక్కోసారి శవమై పెట్టెల వస్తరు. దుబాయి జైల్ల 18 ఏండ్లు ఉన్న సిరిసిల్ల జిల్లావాళ్ళు 2024 ఫిబ్రవరిల ఇంటికి చేరిండ్రు గదా. అసొంటి రోజున బయటికొచ్చే తలుపు కాడ కెమెరాలన్నీ ఒక్కసారి మీదవడ్తయి. కన్న బిడ్డను చిన్నప్పుడు విడిచిపోయి, ఇప్పుడు ఆ పిల్ల ముఖం గుర్తువట్టలేని తండ్రికి మనం లోగో మైకు నోట్ల కుక్కుతం. నేను గూడ చేసిన. అబద్ధం చెప్ప.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ఇంటోళ్ళతోని ముందే మాట్లాడుకుంట, ఫ్లైటు దిగకముందు. "కలుసుకునేటప్పుడు దూరం నుంచి తీస్త. మాటలు కారు కాడికి వచ్చినంక, మీరు సరే అంటేనే" అని చెప్త. ట్రైపాడ్ వెయ్య. ట్రాలీలు వచ్చే దారిల ట్రైపాడ్ కాళ్ళు పరిస్తే ఎవడో ముసలాయన తట్టుకోని పడ్తడు, ఇగ ఆనాటి నుంచి అందరి కెమెరాలు బంద్. భుజం మీద కెమెరా, ఒక్క గన్ మైకు, లైటు లేకుంట. చానల్‌కు లైవ్ కావాల్నంటే లైవ్ కిట్ వేసుకున్న పిల్లగాన్ని రద్దీకి పక్కన నిలబెడ్త. నలుగురైదుగురు కెమెరామన్లు ముందే మాట్లాడుకోని ఒక్కడు తీసి అందరికి ఇస్తే ఇంకా మంచిది. ఊర్లల్ల పోటీ పడుడు వేరు, ఆ తలుపు కాడ పడుడు వేరు.

పెట్టె వచ్చే రోజు సంగతి మరీ వేరు. అది ప్రయాణికులు వచ్చే తలుపు కాడికి రాదు, కార్గో దిక్కు వస్తది. కార్గో లోపట మనకేం పని లేదు, పోనియ్యరు. బయట అన్నో తమ్ముడో పాస్‌పోర్టు కాపీలు, ఎంబసీ కాయిదాలు పట్టుకోని రాత్రంత కూసోని ఉంటడు. ఊరి దాక తీసుకపోయే అంబులెన్సు సర్కారు దిక్కు నుంచి ఉచితంగ దొరుకుతది. ఆ సంగతి తెల్వని ఇంటోళ్ళు ఇప్పటికీ తగులుతరు. కెమెరా తీసే ముందు ఆ ముక్క చెప్పుండ్రి. కాయిదాల మీది పాస్‌పోర్టు నంబర్లు, అడ్రసులు క్లోజప్‌ల రానియ్యద్దు. పెట్టె మీద అంటించిన చీటీ గూడ అంతే. ఇవి ఏ సర్కారు రూలు పుస్తకంల ఉన్నయో నన్ను అడగొద్దు, నా రూలు ఇది.

ఇగ సినిమావాళ్ళు. మీకు కావాల్సింది ఓపిక, కాయిదాలు. కథంతా ఇయ్యనక్కర లేదు గానీ ఎయిర్‌పోర్టు సీన్లు సీను వారీగ రాసియ్యాలె: ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తరు, ఏం మాట్లాడుతరు. ఎయిర్‌పోర్టుల బాంబు పెట్టే సీనో, సెక్యూరిటీని తప్పించుకునే సీనో ఉంటే దాపెట్టొద్దు. ఆనాడు సెట్ల బయటపడితే ప్యాకప్పే. మనుషుల పట్టిక, ఆధార్‌తోని సహా. సామాను పట్టిక, సీరియల్ నంబర్లతోని. ఏమన్న నష్టమైతే మేమే కడతమని పూచీ పత్రం. భద్రతా క్లియరెన్సు. ఫీజు ఎంత, గంటల లెక్కనా రోజు లెక్కనా, డిపాజిట్ ఎంత, ఇవన్నీ రాతపూర్వకంగ తీసుకున్నంకనే ఆర్టిస్టుల డేట్లు లాక్ చెయ్యుండ్రి. నేను ఒకసారి ఉల్టా చేసిన. డేట్లు దొరికినయి, పర్మిషన్ దొరకలే. అర్ధరాత్రి ఖాళీగ ఉంటదని గూడ అనుకోవద్దు. మనోళ్ళు గల్ఫ్ పోయే ఫ్లైట్లు ఎక్కువ రాత్రిపూటనే, ఒక్కొక్కరిని సాగనంపడానికి పది మంది వస్తరు.

పట్టికల లేని వస్తువు ఒక్కటి గూడ పోవద్దు. ఒక సినిమాకు మా ఆర్టు డిపార్టుమెంటు పిల్లగాడు ముందటి రోజు ఫైటు సీనుకు వాడిన బొమ్మ పిస్తోలు ట్రంకు పెట్టెల అడుక్కు మరిచిపోయిండు. ఎక్స్‌రేల అది బొమ్మనా నిజమా తెల్వదు గదా. మొత్తం యూనిట్‌ను పక్కన నిలబెట్టిండ్రు. నాలుగు గంటలు పోయినయి, హీరోయిన్ అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికుంది. అప్పటి నుంచి ప్రతి పెట్టె నేనే విప్పి చూస్త. పొగ మిషన్లు, టపాసులు, గ్యాసు సామాను ఇంటి కాడనే పెట్టుండ్రి. ఇంత తిప్పలెందుకు, నాకు రెండు సీన్లే ఉన్నయి అంటే, రామోజీ ఫిల్మ్ సిటీల ఎయిర్‌పోర్టు సెట్టు ఉన్నది. డైలాగు సీనైతే ఆడ హాయిగ తీసుకోవచ్చు.

బ్యాటరీల లెక్క చిన్నదే గానీ చానామంది ఇరుకుతరు. వోల్టులను ఆంపియర్ అవర్లతోని గుణిస్తే వాట్ అవర్లు వస్తయి. 14.8 వోల్టుల, 6.6 ఆంపియర్ అవర్ల వీ మౌంట్ బ్యాటరీ (పెద్ద కెమెరా వెనక తగిలించేది) అంటే దగ్గర దగ్గర 98. 100 లోపు ఉన్నయి చేతి బ్యాగుల తీసుకపోవచ్చు. 100 నుంచి 160 దాక ఉంటే విమాన కంపెనీని అడిగి, మనిషికి రెండే. 160 దాటితే ప్రయాణికుని బ్యాగుల వద్దు. విడి బ్యాటరీలు లగేజీల అస్సలు వెయ్యద్దు, కొనలకు టేపు అంటించుండ్రి.

విమానం లోపట ఫోన్‌తోని కిటికీ బయట మబ్బులు తీసుకుంటే ఎవరూ ఏమనరు. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌ల 13వ రూలు ఫొటోలకు రాతపూర్వక పర్మిషన్ అడుగుతది, ప్రయాణికులకు డీజీసీఏ సడలింపు ఇచ్చింది. 2020 సెప్టెంబర్‌ల చండీగఢ్ నుంచి ముంబై పోయే విమానంల ఒక నటి కోసం టీవీవాళ్ళు సీట్ల మధ్యన ఎగబడ్డరు. అప్పుడు డీజీసీఏ, ఇట్ల జరిగితే ఆ రూట్‌ల ఆ ఫ్లైటు రెండు వారాలు బంద్ చేస్త అన్నది. క్రూ వద్దంటే కెమెరా దించాలె, గంతే.

మనకు హన్మకొండల రోజువారీ ఎయిర్‌పోర్టంటే హెలిప్యాడే. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌ల హెలికాప్టర్ దిగుతదంటే డీపీఆర్‌ఓ (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసు కాడ పాసు ముందే తీసుకోవాలె. ప్రధాని 2023 జూలై 8న వచ్చినట్టు వస్తే, ప్రధానికి కాపలా ఉండే ఎస్పీజీ చూపు పడ్డంకనే కెమెరా లోపటికి పోతది, అందుకే గంటల ముందు పోవాలె. హెలికాప్టర్ దిగేటప్పుడు లేచే దుమ్ముకు లెన్సు ఖరాబైతది, టోపీలు, ఫ్లెక్సీలు ఎగురుతయి. వదులుగ ఉన్నదేదీ చేతుల ఉంచుకోవద్దు. ఫ్యాను ఆగేదాక కదలద్దు. తోక దిక్కు మాత్రం ఎన్నడూ పోవద్దు. ఆడ తిరిగే చిన్న ఫ్యాను కండ్లకు ఆనది.

ఇగ డ్రోన్లు. పెండ్లి వీడియోలు తీసే తమ్ముండ్లు ఇది మంచిగ వినుండ్రి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం నడిచే ఎయిర్‌పోర్టు ప్రహరీకి 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్యన (5 లోపట ఇంకా కఠినం) నేల మీద నుంచే పసుపు జోను, అంటే ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి లేకుంట లేపొద్దు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యన 200 అడుగులు దాటితే అనుమతి. ఆ తర్వాత పచ్చ జోనుల 400 అడుగులు. పెద్దోళ్ళు వచ్చినప్పుడు సర్కారు 96 గంటల దాక తాత్కాలికంగ ఎర్ర జోను, అంటే డ్రోన్ లేపొద్దన్న జాగ, చెయ్యొచ్చు. అందుకే లేపే ముందు ప్రతిసారి డ్రోన్ల కోసం సర్కారు పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైటుల మ్యాపు చూడాలె.

ఇప్పుడు మామునూరు మీద కంపాసు పెట్టి గీయుండ్రి. ఖిలా వరంగల్ తోరణాలు సూటిగ కొలిస్తే దగ్గర దగ్గర 5 కిలోమీటర్లే. భద్రకాళి చెరువు, వేయి స్తంభాల గుడి 12 లోపట్నే. మామునూరుల మళ్ళ విమానం దిగిన నాడు, ప్రతి పెండ్లి జంటను కీర్తితోరణం మీదికెళ్లి తీసే ఆ డ్రోన్ షాటు అనుమతి కావాల్సిన జోనుల పడ్తది. ఇప్పుడే డబ్బు పెట్టి కొత్త డ్రోన్ కొనాల్నా అని అడిగేటోళ్ళకు నేను చెప్పేది, కొనుండ్రి గానీ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఫీజు గూడ దాంట్లనే కలిపి లెక్కేసుకోండ్రి.

నర్సంపేట పిల్లగాడు సీను మార్చిండు. హీరో ఇప్పుడు హన్మకొండ బస్టాండుల హైదరాబాద్ బస్సు ఎక్కుతడట. ఆ బస్టాండుల షూటింగ్‌కు ఆర్టీసీవాళ్ళను అడిగినవా అంటే, "అడగాల్నా అన్నా?" అన్నడు.