చెవి మిషన్ పెట్టుకునే పిల్లలకి మాటలు నేర్పేటప్పుడు

కొత్త మాటని విడిగా కాకుండా చిన్న వాక్యంలో చెప్పండి. బడి, పడి, మడి పెదాల మీద ఒకేలా కనిపిస్తాయి. ‘బడికి వెళ్దాం’, ‘మడిలో నీళ్లున్నాయి’ అంటే తేడా దొరుకుతుంది. మీటరు లోపు దూరంలో కూర్చుని మామూలు గొంతుతోనే చెప్పాలి, అరిస్తే మాట వంకరపోతుంది. కోనసీమలో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కినప్పుడు ఆ ఇంజను మోతలో నేర్పబోకండి, పాపం చాలా అలిసిపోతారు. రేవు దిగి గట్టు మీద నడుస్తూ ‘పంటు ఎక్కాం, పంటు దిగాం, అదిగో పంటు వెళ్లిపోతోంది’ అనండి. ఒకే మాట రకరకాలుగా చెవిన పడాలి. చెప్పాక కాసేపు ఆగండి. వెంటనే ‘ఏదీ, నువ్వను’ అని పరీక్ష మాత్రం పెట్టొద్దు. అన్నట్టు, రోజూ పొద్దున్నే మిషన్ బ్యాటరీ చూసుకోండి.