పాత హ్యాండీ (చేతిలో పట్టుకునే వైర్‌లెస్ సెట్టు) మరమ్మతు – 4వ పాఠం: సెట్టుకు చెవుడు వస్తే

పోయిన పాఠంలో బ్యాటరీ పెట్టె విప్పి, చచ్చిన నికెల్-కాడ్మియం సెల్స్ తీసేసి కొత్తవి వేశాం. ఒక్కోటి 1.2 వోల్టుల చొప్పున 7 సెల్స్, మొత్తం 8.4 వోల్టులు. సెట్టుకు ప్రాణం వచ్చింది, స్పీకర్లో గాలి హోరు వినిపించింది. కానీ పక్కవాళ్ళ సెట్టులో ఖంగున మోగే స్టేషన్ మన దాంట్లో నూతిలోంచి పలుకుతున్నట్టుంది. దీన్నే మేం సెట్టుకు చెవుడు అంటాం. ఆ చెవుడు ఎక్కడుందో కనిపెట్టడమే ఈ పాఠం.

మన బల్ల మీద ఉన్నది ఐకామ్ ఐసీ-2ఏటీ. 1980లలో హామ్‌ల (లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్ళ) చేతుల్లో తిరిగిన, 2 మీటర్ల తరంగాల మీద పనిచేసే సెట్టు. 1.5 వాట్లు, నెత్తిన ఫ్రీక్వెన్సీ తిప్పే మూడు చిన్న చక్రాలు, ఒక 5 కిలోహెర్ట్జ్ స్విచ్చు, యాంటెన్నాకు తోసి తిప్పి బిగించే బీఎన్‌సీ కనెక్టర్. మీది కెన్‌వుడ్ అయినా యాయెసు అయినా పద్ధతి ఇదే. లైసెన్సు ఇంకా చేతికి రానివాళ్ళు లైసెన్సున్న సీనియర్ పక్కన కూర్చుని ఆయన సెట్టు మీద నేర్చుకోండి.

ముందు ఒక మోసం గురించి చెప్పాలి. ఎఫ్.ఎం.లో సిగ్నల్ ఒక స్థాయి దాటితే హోరు పూర్తిగా అణిగిపోతుంది. ఆపైన అది పది రెట్లు పెరిగినా వెయ్యి రెట్లు పెరిగినా మన చెవికి తేడా తెలియదు. అందుకే ఊళ్ళో రిపీటర్ (మన మాటను అందుకుని మళ్ళీ బలంగా పంపే స్టేషన్) బాగా వినిపిస్తోంది కాబట్టి సెట్టు బాగుందనుకోకూడదు. మంచి సెట్టులోనే కాస్త బుసతో వచ్చే బలహీనమైన సిగ్నల్ మనకు కావాలి. నేను చేసే పని ఇది: మిత్రుడి సెట్టుకు యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ను మింగేసే రెసిస్టర్) బిగించి, లో పవర్‌లో పెట్టి, ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీలో కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చిన పిలుపు పేరు) చెబుతూ మాట్లాడమంటాను. డమ్మీ లోడ్ నుంచి కారే ఆ కొద్దిపాటి సిగ్నల్ చాలు. మంచి సెట్టు పట్టుకుని మైదానంలో నడుస్తాను, మాట హోరులో మునిగేదాకా అడుగులు లెక్కపెడతాను. తర్వాత చెవిటి సెట్టుతో అదే దారిలో నడుస్తాను. మంచిది 200 అడుగులు వెళ్ళి, చెవిటిది 20 అడుగులకే ఆగిపోతే లోటు కనీసం 20 డెసిబెల్స్, అంటే పవర్‌లో వంద రెట్లు. నడిచేటప్పుడు ఒకే చోట నిలబడి తీర్పు చెప్పకండి. 145 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు సుమారు 2 మీటర్లు. గోడల మీద తగిలి వచ్చిన తరంగాలు కలిసి, మీటరుకొక చోట సిగ్నల్ చచ్చిపడే గుంటలు ఏర్పడతాయి. అటూ ఇటూ అడుగు జరిపి చూడండి.

ఇప్పుడు యాంటెన్నాలు మార్చండి. మంచి సెట్టు రబ్బరు యాంటెన్నా తెచ్చి చెవిటి దానికి, దీనిది దానికి. చెవుడు యాంటెన్నాతో పాటే వెళ్ళిపోతే పని అయిపోయింది. రబ్బరు తొడుగు లోపల స్ప్రింగులా చుట్టిన తీగ, అడుగున కనెక్టర్‌కు అతికిన చోట తెగుతుంది. బయటికి ఏమీ కనబడదు. మార్చి చూడటానికి రెండో సెట్టు లేకపోతే 49 సెంటీమీటర్ల గట్టి రాగి తీగ తీసుకోండి. 300ని 145తో భాగిస్తే 2.07 మీటర్లు, అందులో పావు 51.7 సెంటీమీటర్లు, దాంట్లో సుమారు 5 శాతం తగ్గిస్తే 49. దాన్ని బీఎన్‌సీ ప్లగ్ నడి పిన్నుకు అతికించి సెట్టుకు పెట్టండి. పొట్టి రబ్బరు యాంటెన్నా కంటే ఈ తీగతో బాగా వినబడాలి.

తీగ పెట్టినా మార్పు లేదంటే చెవుడు లోపలే ఉంది. ఇంకా మూత విప్పకండి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరును మూసేసే నాబ్) పూర్తిగా తెరిచి హోరు వినండి. హోరు నిండుగా, మంచి సెట్టుతో సమానంగా ఉంటే ఐ.ఎఫ్. (సిగ్నల్‌ను తక్కువ ఫ్రీక్వెన్సీకి దించి పెంచే దశ) నుంచి స్పీకర్ దాకా ఉన్న వెనక భాగం ఆరోగ్యంగా ఉన్నట్టే, లోపం యాంటెన్నా వైపున్న ముందు భాగంలో వెతకాలి. ఎఫ్.ఎం. సెట్టులో హోరు చాలావరకు లోపలే పుడుతుంది, కాబట్టి యాంటెన్నా పీకేసినా అది పెద్దగా తగ్గదు. హోరు ఉంది కదా, ముందు భాగం కూడా బాగుందని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. హోరే సన్నగా ఉంటే, లేదా పటపట శబ్దాలు కలిసి ఉంటే, అనుమానం 455 కిలోహెర్ట్జ్ ఐ.ఎఫ్. వైపు. అది వచ్చే పాఠం.

మరో చిన్న పరీక్ష. స్టేషన్ బలంగానే ఉండి మాట చీలినట్టు వస్తుంటే ఆ 5 కిలోహెర్ట్జ్ స్విచ్చు (ఫ్రీక్వెన్సీని 5 పైకి జరిపేది) వేసి చూడండి. మాట తేటపడితే సెట్టు ఫ్రీక్వెన్సీ జరిగిందని అర్థం. కిందివైపు కూడా చూడాలి, చక్రం 10 కిలోహెర్ట్జ్ తగ్గించి స్విచ్చు వేస్తే 5 కిందికి వెళ్తుంది.

ఇక మూత విప్పుదాం. మా ఐసీ-2ఏటీ విషయంలో నేను రెండు రోజులు వృథా చేసింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. యాంటెన్నా, బీఎన్‌సీ, దాని వెనకున్న లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది), ఈ మూడూ పంపడానికీ వినడానికీ ఉమ్మడి దారి. ఆ తర్వాత డయోడ్ల స్విచ్చింగ్ దగ్గర దారి చీలుతుంది. పంపడం బాగుండి వినడం ఒక్కటే పోతే లోపం చీలిక తర్వాత, రెండూ మందగిస్తే చీలిక ముందు. రిపీటర్ మీద పిలిస్తే మిత్రుడు నా మాట బ్రహ్మాండంగా ఉందన్నాడు. సరే, ఉమ్మడి దారి బాగుందని నమ్మి, డయోడ్లు, ఆర్.ఎఫ్. ట్రాన్సిస్టర్ (వచ్చిన సిగ్నల్‌ను మొదట పెంచేది) అన్నీ కొలుచుకుంటూ కూర్చున్నాను. రిపీటర్ మా ఇంటికి ఎంత దగ్గరంటే, వాటులో పదో వంతు వెళ్ళినా అది తెరుచుకుంటుంది. పవర్ మీటర్ పెట్టి చూసుంటే పది నిమిషాల్లో తేలేది. పంపే పవర్‌ను మీటరుతోనే కొలవండి, మిత్రుడి మాటతో కాదు.

చివరికి దారి చూపింది ఒక కెపాసిటర్. 102 అని అచ్చువేసిన సెరామిక్ కెపాసిటర్, అంటే 1000 పికోఫారడ్లు. హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. దాని ఒక కాలికి 49 సెంటీమీటర్ల తీగ అతికించండి, రెండో కాలు సూదిలా వాడండి. కెపాసిటర్ ఎందుకంటే, లోపలి డి.సి. వోల్టేజి తీగలోకి రాకుండా ఆపి సిగ్నల్‌ను మాత్రం పోనిస్తుంది. సెట్టు యాంటెన్నా తీసేసి, బలహీన సిగ్నల్ వింటూ, ఆ కాలిని బీఎన్‌సీ నడి పిన్ను దగ్గర తాకించండి. తర్వాత బోర్డు మీద ఫిల్టర్ మొదట్లో, ఫిల్టర్ చివర, డయోడ్ దాటాక, ఆర్.ఎఫ్. ట్రాన్సిస్టర్ ముందు. ఒక చోట చప్పున మాట తేటపడుతుంది. లోపం ఆ చోటికీ దానికి ముందు తాకిన చోటికీ మధ్య ఉంది. ఈ పని జరుగుతున్నంతసేపూ పి.టి.టి. (మాట్లాడటానికి నొక్కే మీట) మీద వేలు పడకూడదు.

మా సెట్టులో నడి పిన్ను దగ్గర నూతిలోని మాట, ఫిల్టర్ మొదట్లో తాకగానే ఎదురుగా కూర్చున్న మనిషి మాట. భూతద్దం పెట్టి చూస్తే బీఎన్‌సీ పిన్ను బోర్డును కలిసే చోట సోల్డర్ చుట్టూ వెంట్రుకంత సన్నని ఉంగరం లాంటి పగులు. యాంటెన్నాను పిడిలా పట్టుకుని సెట్టును ఎత్తే అలవాటు వల్ల ఆ అతుకు మీద ఏళ్ళ తరబడి బరువు పడింది. పాత సోల్డర్ పీల్చేసి, పిన్ను గీకి, ఫ్లక్స్ రాసి కొత్తగా పట్టించాను. మైదానంలో మంచి సెట్టుతో సమానంగా నడిచింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కాయిల్స్ లోపలి ఫెరైట్ మరలు తిప్పకండి. ఈ సెట్టు నా దగ్గరికి రాకముందే ఎవరో ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి రెండింటిని తిప్పారు. మైనం ముద్ర పగిలింది, ఒక మర చీలింది. ఇనుము కాయిల్ దగ్గరికి రాగానే దాని ఇండక్టెన్స్ మారిపోతుంది, తీయగానే మళ్ళీ మారుతుంది. ఏ ట్యూనింగ్ చేసినట్టు? నిన్నటిదాకా విన్న సెట్టు ఈరోజు వినలేదంటే కాయిల్స్ వాటంతట అవి తిరిగి కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకి సెల్‌ఫోన్లు మూగబోయిన రోజు తలచుకుంటే, పనిచేసే ప్రతి సెట్టూ నాకు విలువైనదే. తొందరపాటుతో ఒక్కటి కూడా పాడు కాకూడదు.

ఇంటి పని: మీ సెట్టు ఎన్ని అడుగులు నడిచిందో, పక్కది ఎన్ని నడిచిందో, పంపే పవర్ మీటరులో ఎంత చూపిందో, కెపాసిటర్ కాలు ఎక్కడ తాకినప్పుడు మాట మారిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎక్కడ తాకించినా మారలేదంటే ఆ పేజీకి గుర్తు పెట్టండి. 5వ పాఠం అక్కడినుంచే మొదలవుతుంది: 455 కిలోహెర్ట్జ్ ఫిల్టర్, ఏళ్ళ తరబడి డి.సి. పడి లోపల వెండి పూత పాకిన ఫిల్టర్‌ను ఎలా గుర్తుపట్టాలి, ఎలా మార్చాలి.