పాత దుకాణానికి కొత్త పేరు పెట్టాలా? లక్షణం, కారణం, పరిష్కారం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దుకాణాలకు బోర్డులు రాయించడం, బిల్లు పుస్తకాలు వేయించడం, జీఎస్టీ కాగితాలు సరిచేయించడం నా పని. దసరా దగ్గరపడుతుంటే చాలామంది యజమానులు ఒకే మాటతో వస్తారు: “బేరాలు తగ్గాయండి, పేరు మార్చేద్దాం అనుకుంటున్నాం.” పదిహేను, ఇరవై ఏళ్లుగా నిలబడ్డ పేరును తీసెయ్యడానికి సిద్ధపడినవారు కూడా ఒక చిన్న పరీక్ష చేయకుండానే వస్తున్నారు. మీ దుకాణానికి ఎన్నడూ రాని మనిషి ఫోను తీసుకుని, అందులో మీ దుకాణం పేరు వెతికించండి; అక్కడ కనిపించే నంబరుకు ఫోన్ చేయించండి; అది చూపించే దారినే నడిపించండి. మీ సొంత ఫోనులో చూస్తే చాలదు, ఎందుకంటే మీరు రోజూ ఉండే చోటు దానికి ముందే తెలుసు. ఈ పని పూర్తయ్యాకే కింది మాటలు చదవమని నా మనవి.

లక్షణం: పాతవారు వస్తున్నారు, కొత్తవారు రావడం లేదు

పేరు పాతబడిందని అనుకునేది ఎక్కువగా ఇక్కడే. కాని పేరు నిజంగా చెడిపోతే ముందు దూరమయ్యేది పాతవారు. వారు మానకుండా వస్తూ కొత్తవారు మాత్రమే ఆగిపోయారంటే, పేరులో కన్నా దారిలో లోపం ఉండే అవకాశం ఎక్కువ. నేను చూసిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసిన కారణం ఇదే కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను.

గూగుల్ మ్యాప్‌లో ఒక దుకాణాన్ని యజమానే చేర్చాలన్న నియమం లేదు. కొనుగోలుదారు చేర్చవచ్చు, డబ్బు తీసుకుని చేర్చిపెట్టే ఏజెంటు చేర్చవచ్చు, దుకాణంలో పనిచేసి మానేసిన కుర్రవాడు తన జీమెయిల్‌తో చేర్చి ఉండవచ్చు. ఒక్కొక్కరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో రకంగా రాస్తారు. “లక్ష్మి” అనే ఒక్క మాటకే మన ఊళ్లలో కనీసం మూడు స్పెల్లింగులు కనిపిస్తాయి. అలా ఒకే దుకాణం రెండు మూడు చోట్ల నమోదవుతుంది. మంచి అభిప్రాయాలు ఒకచోట, పనిచేసే ఫోన్ నంబరు మరొకచోట, సరైన చోటు ఇంకొకచోట పడతాయి. దుకాణం ఒక వీధి నుంచి మరొక వీధికి మారినప్పుడు పాత నమోదుకు ఎవరో ఒకరు “శాశ్వతంగా మూసివేశారు” అని సూచన పంపుతారు, అది ఆమోదం పొందుతుంది. యజమానికి ఈ సంగతి తెలియదు. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్న మనిషికి మాత్రం దుకాణం మూతపడిందని ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది. అతను గంటస్తంభం వైపు ఉన్న మరో దుకాణానికి వెళ్లిపోతాడు.

రాజాం దుకాణాల్లో దీనికి ఇంకొక చిక్కు తోడైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. పాత నమోదులో ఒక జిల్లా, కొత్త నమోదులో మరో జిల్లా ఉంటే, చూసేవారు అవి రెండు వేర్వేరు దుకాణాలని అనుకోవడంలో వారి తప్పేమీ లేదు.

ఈ స్థితిలో పేరు మారిస్తే జరిగేది ఒక్కటే. కొత్త పేరుతో మరొక నమోదు పుడుతుంది, ఉన్న చిక్కు ఇంకా పెరుగుతుంది, ఇన్నేళ్లుగా చేరిన అభిప్రాయాలు వెనకబడిపోతాయి.

దీన్ని సరిచేయడానికి ముందు బిల్లు మీద, బోర్డు మీద, జీఎస్టీ సర్టిఫికెట్ మీద ఉన్న స్పెల్లింగులను పక్కపక్కన పెట్టుకుని ఒకదాన్ని ఖాయం చేసుకోండి. సర్టిఫికెట్‌లో ఉన్నదే ఖాయం చేసుకుంటే తరువాతి పని తేలిక. ఆ తరువాత అన్ని స్పెల్లింగులతోనూ, మీ పాత ఫోన్ నంబరుతోనూ వెతికి, ఎన్ని నమోదులున్నాయో కాగితం మీద రాసుకోండి. వాటిలో ఎక్కువ అభిప్రాయాలున్న దాన్ని ఉంచుకోవాలి. అది ఎవరి జీమెయిల్ చేతిలో ఉందో కనుక్కోవడమే అసలు శ్రమ. పాత పనివాడి దగ్గర ఉంటే మర్యాదగా అడిగి యాజమాన్యం బదిలీ చేయించుకోండి. అతను దొరకకపోతే ఆ నమోదు పేజీలోనే యాజమాన్యం కోరుతూ దరఖాస్తు పెట్టే వీలుంది. అది మీ చేతికి వచ్చాక చిరునామా, జిల్లా, నంబరు సరిచేసి, మిగిలినవాటిని నకిలీలుగా తెలియజేయండి. “మూసివేశారు” అన్న గుర్తును తొలగించమని కోరడం మరవవద్దు. ఇదంతా అయ్యాక ఒక పండుగ బేరం గడిచేదాకా ఆగి చూడండి. నా దగ్గరికి పేరు మార్చమని వచ్చినవారిలో చాలామంది ఆ తరువాత ఆ మాటే ఎత్తలేదు.

లక్షణం: బోర్డు మీద ఒక పేరు, జనం నోట మరో పేరు

బోర్డు మీద “శ్రీ లక్ష్మీ గణపతి జనరల్ స్టోర్స్” అని ఉంటుంది. ఊరంతా “నాయుడుగారి కొట్టు” అంటుంది. రైల్వేవారు “శ్రీకాకుళం రోడ్” అని రాసిన స్టేషన్ ఉన్న ఊరు ఆమదాలవలసే అయినట్టు, రెండు పేర్లూ ఒకే చోటికి చెల్లుతాయి. ఇక్కడ మూడో పేరు తేవడం నష్టం. జనం పిలిచే పేరును బోర్డు మీద అసలు పేరు కింద చేర్చండి, క్యారీ బ్యాగుల మీద వేయించండి. కౌంటర్ దగ్గరి క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఏ పేరు వస్తుందో కూడా చూడండి. అక్కడ బావమరిది పేరో, పాత భాగస్వామి పేరో కనిపిస్తే డబ్బు కట్టే మనిషి సందేహిస్తాడు, సందేహించడం న్యాయమే.

లక్షణం: పేరుకూ సరుకుకూ పొత్తు లేదు

ఇక్కడ మాత్రం పేరు మార్చమనే చెబుతాను. ఖాదీకి పేరున్న పొందూరు చుట్టుపక్కల దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. 2013 నాటి ఖాదీ మార్కు నిబంధనల ప్రకారం ఆ గుర్తు లేని బట్టను ఖాదీగా అమ్మకూడదు. పేరులో ఖాదీ పెట్టుకుని మిల్లు బట్ట అమ్మే దుకాణం చట్టానికి దొరకడమే కాదు, చేత్తో వడికి నేసే కుటుంబాల పొట్ట కొడుతుంది. అలాంటి చోట సర్దుబాటు మాటలు నేను చెప్పలేను.

లక్షణం: మీ పేరు తమదంటూ ఎవరో నోటీసు పంపారు

భయపడి ఆ రోజే బోర్డు దించవద్దు. ట్రేడ్ మార్కుల చట్టం, 1999లోని 34వ సెక్షన్, అవతలివారు ఆ పేరును వాడకముందు నుంచీ, రిజిస్టరు చేయించుకోకముందు నుంచీ మీరు దాన్ని ఎడతెగకుండా వాడుతుంటే మీకు రక్షణ ఇస్తుంది. అందుకు రుజువు కావాలి కనుక పాత బిల్లు పుస్తకాలు, లైసెన్సులు, పత్రికా ప్రకటనలు అటక మీది నుంచి దించి, వాటితో న్యాయవాది దగ్గరికి వెళ్లండి. అవి లేకపోతే పేరు మార్చుకోవడమే క్షేమం.

అంకెల లెక్కలు, అక్షరాల కూడికలు చూసి పేరు మార్చాలనుకునేవారి విశ్వాసాన్ని నేను కాదనను. ఆ మార్పు బేరం పెంచడం మాత్రం నేను చూడలేదు. పేరు పలకడం కష్టమని మార్చవలసి రావడం కూడా అరుదే.

మార్చక తప్పదని తేలితే

కొత్త పేరు మరెవరికైనా ఉందేమో ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. బట్టలకు ఒక తరగతి, జీడిపప్పుకు మరో తరగతి, ఇలా మొత్తం 45 తరగతులున్నాయి కనుక మీ సరుకు తరగతిలోనే వెతకాలి. పాన్ మారకపోతే జీఎస్టీలో ఉన్న నమోదునే సవరించుకోవచ్చు. మార్పు జరిగిన 15 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. భాగస్వామ్యం విడిపోయి పాన్ కూడా మారితే కొత్త నమోదు తప్పదు. సొంత యాజమాన్య దుకాణమైతే ఖాతా పేరు మార్చడానికి బ్యాంకు సాధారణంగా కొత్త పేరుతో రెండు రుజువులు అడుగుతుంది. అవి సిద్ధమయ్యే లోపు కొత్త పేరుతో బిల్లులు ఇస్తే, టోకు కొనుగోలుదారు అదే పేరున చెక్కు రాస్తాడు, ఆ చెక్కు మీ పాత ఖాతాలో జమ కాదు. మ్యాప్‌లో ఉన్న నమోదులోనే పేరు మార్చండి, కొత్తది తెరవవద్దు.

బోర్డు అన్నిటికన్నా చివర. పాత పేరును కొత్త పేరు కింద చిన్న అక్షరాల్లో కనీసం ఒక ఏడాది ఉంచండి. ప్రవేశం దగ్గరి బోర్డు మీద జీఎస్టీ నంబరు ఉండాలి. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద స్థిరమైన తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్టీ పద్ధతిలో) ఉన్నవారు ఆ సంగతిని కూడా బోర్డు మీద రాయించాలి. ఈ రెండూ కాగితం మీద రాసిచ్చాకే రంగు డబ్బా తెరవమని బోర్డు రాసే ఆయనకు చెప్పండి.