చవితి ఊరేగింపులో కర్రతో తీగ ఎత్తొద్దు

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే బండ్లగూడలో వినాయకుణ్ణి తెస్తుండగా ఇద్దరు కుర్రాళ్లు పోయారు. మళ్లీ చవితి వస్తోంది. మండపం దగ్గర ఇసుక బకెట్లు, సీసీ కెమెరాల్లాంటి జాగ్రత్తలు అందరికీ తెలిసినవే. నేను ముఖ్యంగా చెప్పేది ఒక్క తప్పు గురించి: కర్రతో తీగ ఎత్తడం.

బండి ముందు ఒకడు వెదురు గెడ పట్టుకుని నడుస్తాడు. తీగ అడ్డొస్తే పైకి లేపుతాడు, విగ్రహం కిందనుంచి దాటుతుంది. కేబుల్ టీవీ వైర్లతో అలవాటైన పని. కానీ చీకట్లో, డీజే హోరులో ఏది నెట్ వైరో, ఏది కరెంటు తీగో కిందనుంచి తెలియదు. తడిసిన వెదురులోంచి కరెంటు పారుతుంది. 11 కేవీ (11 వేల వోల్టుల) తీగకైతే తగలనక్కర్లేదు, మరీ దగ్గరికి వెళ్తే చాలు. మా వీధి పిల్లాడు "ఎండు కర్రే అన్నా, ఏం కాదు" అన్నాడు. పొద్దుటినుంచీ బండి మీద వానకు నానిన గెడ అది. బతికాడు గానీ కుడిచేతికి మూడు వేళ్లు లేవు. ఇప్పుడు ఎడమచేత్తో అన్నం తింటున్నాడు.

విగ్రహానికి అడ్వాన్స్ ఇచ్చేముందే లెక్క చూసుకోండి. బొమ్మ ఎత్తు ఒక్కటే కాదు, బండి ఎత్తు, పైన కిరీటం, గొడుగు అన్నీ కలపండి. పగటిపూట లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని దారంతా నడవండి. తీగలు కిందికి వేలాడే వీధిని వదిలేయండి, చుట్టుదారైనా సరే.

మండపానికి డబ్బు కట్టి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. స్తంభానికి కొక్కేలు వేయొద్దు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టించండి, వైరు తెగి ఇనుప పైపుకు తగిలితే క్షణంలో సప్లై ఆపేస్తుంది. దాని టెస్ట్ బటన్ రోజూ నొక్కి చూడండి. పైపులకు ఎర్తింగ్ ఇప్పించండి.

ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మీరు పీకొద్దు. కరెంటు పోయింది కదా అని తీగ ముట్టొద్దు, ట్రిప్ అయిన లైన్‌ను సబ్‌స్టేషన్‌లో మళ్లీ ఛార్జ్ చేసి చూస్తారు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్‌లో సప్లై ఆపినట్టు సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకున్నానని నోటితో చెప్పేదాకా బండి కదలొద్దు. బండి మీద విగ్రహం పక్కన ఎవరూ నిలబడొద్దు. తళుకు కాగితాలు తీగల కింద పేల్చొద్దు. బండి ఆగిపోతే ముందు పైకి చూడండి, తర్వాతే తోయండి. ఎవరికైనా షాక్ కొడితే పట్టుకోవద్దు. బండినీ ముట్టొద్దు. కరెంటోళ్ల నంబరు 1912కి చేయండి, 108కి చేయండి. సప్లై ఆగిందని తేలాకే దగ్గరికి వెళ్లండి.

తమ్ముళ్లూ, కర్రతో తీగ ఎత్తొద్దు. ఎండుదైనా వద్దు, ప్లాస్టిక్ పైపైనా వద్దు. అసలు ఆ గెడను బండి ఎక్కించొద్దు.