ఓవర్‌నైట్ బాస్కెట్‌బాల్ క్యాంప్‌కి మీ వాణ్ని పంపుతున్నారా, ముందు వాడి కాళ్ళ సంగతి చూడండి

ఏప్రిల్ వస్తే చాలు ఇక్కడ అమెరికాలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఇదే ప్రశ్న, మా వాడికి ఫలానా యూనివర్సిటీ నుంచి బాస్కెట్‌బాల్ క్యాంప్ ఇన్విటేషన్ వచ్చింది, పంపమంటారా అని. నేను మా వాణ్ని రెండు సమ్మర్లు పంపా, మొదటిసారి అన్నీ తప్పులే చేశా, అందుకే ఇదంతా రాస్తున్నా. కాలేజీ డార్మ్‌లో, అంటే హాస్టల్లో, మూడు నాలుగు రోజులు ఉంచి ఆడించే బాయ్స్ క్యాంపుల గురించి ఇది, పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకునే డే క్యాంప్ లెక్క వేరు.

ముందు ఆ ఇన్విటేషన్ గురించి. మా వాడి పేరుతో, కింద కోచ్ సంతకంతో ఈమెయిల్ వస్తే మా ఆవిడ ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించింది, ఇండియాలో మా మామగారికి ఫోన్ చేసి మరీ చెప్పేశాం. తర్వాత తెలిసిందేంటంటే ఇక్కడి కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ రూల్ ప్రకారం కాలేజీ క్యాంపులు ఎవరొచ్చినా చేర్చుకోవాలి, వయసు, గ్రేడ్, మొత్తం ఎంతమంది అని లిమిట్ పెట్టుకోవచ్చు గానీ బాగా ఆడేవాళ్ళనే తీసుకుంటాం అనడానికి లేదు. అంటే అది సెలెక్షన్ లెటర్ కాదు, శుభలేఖ, ఊరందరికీ పంచుతారు. పైన ఎలైట్ అని రాసున్నా అంతే. స్కాలర్‌షిప్ ఆశతో పంపకండి, నాలుగు రోజులు బాగా ఆడతాడు, తన పక్క తనే సర్దుకుంటాడు అనుకుంటే పంపండి.

డబ్బుల దగ్గర ఒక్క విషయం. పిల్లాడికి 13 నిండకపోతే డే క్యాంప్ ఫీజుని ట్యాక్స్‌లో డిపెండెంట్ కేర్ క్రెడిట్ (పిల్లల్ని చూసుకునే ఖర్చుకిచ్చే తగ్గింపు) కింద చూపించుకోవచ్చు, ఓవర్‌నైట్ క్యాంప్ ఫీజుకి ఆ వీలు లేదు, ట్యాక్స్ వాళ్ళు, అంటే ఐఆర్ఎస్, ఒప్పుకోరు. రీఫండ్ ఎప్పటిదాకా ఇస్తారో కట్టకముందే చదువుకోండి. ఒక్కో కోచ్‌కి ఎంతమంది పిల్లలో ఫోన్ చేసి అడగండి, ఎందుకంటే బ్రోషర్ మీద ఫొటో ఉన్న హెడ్ కోచ్ రోజుకో గంట వచ్చి మాట్లాడి వెళ్ళిపోవచ్చు, రోజంతా పిల్లలతో ఉండేది అసిస్టెంట్లు, కాలేజీ ప్లేయర్లే.

ఫామ్స్ జూన్ దాకా పెట్టుకోకండి. చాలా క్యాంపులు గత ఏడాదిలో చేయించిన ఫిజికల్, అంటే డాక్టర్ చెకప్ రిపోర్ట్, అడుగుతాయి, దాంతోపాటు వ్యాక్సిన్ రికార్డు, ఇన్సూరెన్స్ కార్డు కాపీ, ఇంకో రెండు మూడు సంతకాలు. సమ్మర్ మొదలయ్యాక పిల్లల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడం మహా కష్టం. ఇంకోటి, మనవాళ్ళకి ఒక అలవాటుంది, ఆయాసం ఉన్నా ఇన్‌హేలర్ ఉన్నా "వాడికేం లేదండీ" అని దాచేయడం, అది మాత్రం చేయొద్దు, చెక్-ఇన్ రోజే అథ్లెటిక్ ట్రైనర్‌కి (దెబ్బలు, నొప్పులు చూసుకునే మనిషి) చూపించి చెప్పేయండి.

ఇక కాళ్ళు. మొదటి ఏడాది శనివారం కొత్త షూస్ కొని ఆదివారం క్యాంప్‌లో దింపా, చాలా గొప్ప పని చేశాననుకున్నా. సోమవారం రాత్రి ఫోన్, "నాన్నా, సాక్స్ ఊడట్లేదు" అని. మడమ మీద బొబ్బ చితికి, రసి కారి, సాక్స్‌కి అంటుకుని ఎండిపోయింది. ట్రైనర్ గోరువెచ్చని నీళ్ళలో కాలు నానబెట్టి కొంచెం కొంచెంగా ఊడదీశాడట. ఆ మిగతా రెండు రోజులూ వాడు చెప్పుల్తో పక్కన కూర్చుని స్కోర్ రాశాడు, ఆ ఫీజు మొత్తం అందుకే కట్టినట్టయింది. ఇంట్లో వారానికి మూడు గంటలు ఆడే పిల్లాడు అక్కడ రోజుకి ఆరేడు గంటలు చెక్క ఫ్లోర్ మీద ఆగుతూ, తిరుగుతూ పరిగెత్తాలి, కాళ్ళు ఎలా తట్టుకుంటాయి. కాబట్టి షూస్ కనీసం రెండు మూడు వారాల ముందు కొని వాటితోనే ఆడించండి, పాత జత కూడా బ్యాగ్‌లో పడేయండి. కాటన్ సాక్స్ వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉంటాయి, మందంగా ఉండే స్పోర్ట్స్ సాక్స్ రోజుకి రెండు మూడు జతల లెక్కన పెట్టండి. మడమ దగ్గర మంటగా, వెచ్చగా అనిపించగానే ఆట ఆపి టేప్ వేయించుకోమనండి, బొబ్బ లేచేదాకా ఆగితే అంతే.

ముందు ఏం ప్రాక్టీస్ చేయించాలి అంటే, మొదటిది బాల్. 12 దాటిన అబ్బాయిలకి సైజ్ 7, చుట్టుకొలత 29.5 అంగుళాలు, రింగ్ 10 అడుగుల ఎత్తు. ఇంటిముందు హూప్ కిందకి దించి చిన్న బాల్‌తో ఆడే పిల్లాడికి ఒక్కసారిగా అన్ని షాట్లూ పొట్టి పడతాయి. రెండోది ఎడమచేత్తో లేఅప్, అంటే రింగ్ దగ్గరికి పరిగెత్తి వేసే షాట్, రోజూ ఓ యాభై. మూడోది మనం స్కూల్లో వేసిన గోడకుర్చీ, నవ్వకండి, డిఫెన్స్‌లో వంగి నిలబడటానికి తొడల్లో ఆ బలమే కావాలి. పొద్దున పూట అంతా స్టేషన్లే ఉంటాయి, ఒక హూప్ దగ్గర డ్రిబ్లింగ్, ఇంకో దగ్గర క్లోజౌట్ (షాట్ వేయబోయేవాడి మీదకి పరిగెత్తి అడ్డుకోవడం), విజిల్ వేయగానే పక్క స్టేషన్‌కి పరుగు. 1966లో మొదలైన ఫైవ్-స్టార్ క్యాంప్ ఈ స్టేషన్లకే పేరుపడింది, మైఖేల్ జోర్డాన్ హైస్కూల్లో ఉండగా 1980లో వెళ్ళింది అక్కడికే. ఇంకోటి, మనవాళ్ళలో చాలామంది పిల్లలు కోర్టులో నోరెత్తరు, అక్కడేమో కోచ్‌లు టాక్, టాక్ అని అరుస్తూనే ఉంటారు, "బాల్", "హెల్ప్" అని గట్టిగా అరవడం ఇంటి దగ్గరే అలవాటు చేయండి, పక్కింటివాళ్ళు ఏమనుకున్నా సరే.

బ్యాగ్‌లో ట్విన్ ఎక్స్ఎల్ దుప్పట్లు పెట్టండి, డార్మ్ పరుపు 80 అంగుళాల పొడవు, మామూలు ట్విన్ 75, మేం తీసుకెళ్ళింది మూల మూలకీ లేచిపోయింది. ఏసీ లేని డార్మ్‌లు చాలా ఉన్నాయి, చిన్న టేబుల్ ఫ్యాన్ తప్పనిసరి. స్నానానికి చెప్పులు, రూమ్ తాళంచెవి తగిలించుకోవడానికి మెడలో తాడు, వాటర్ బాటిల్ మీద పేరు.

తిండికి శాకాహారులైతే ముందే రాసి పంపండి. ఏదో ఒకటి ఉంటుంది, సీరియల్, పాస్తా, చీజ్ పిజ్జా, బ్రెడ్ పీనట్ బటర్, కాకపోతే మూడోరోజుకి పిల్లాడు పప్పన్నం అని కలవరిస్తాడు. మా ఆవిడ ఆవకాయ సీసా పెట్టింది, మూత సరిగ్గా బిగించలేదు, క్యాంప్ టీషర్ట్ ఇప్పటికీ నారింజ రంగే. గ్రనోలా బార్లు, అరటిపళ్ళు చాలు.

మొదటి రాత్రి ఏడుపు ఫోన్ వచ్చే అవకాశం బాగా ఉంది. వెళ్ళి తెచ్చేసుకోకండి, రేపు సాయంత్రం మాట్లాడదాం అని పెట్టేయండి, రెండో రోజు మీరే ఫోన్ చేసినా ఎత్తడు. తెలిసిన పిల్లాడు వస్తుంటే రూమ్మేట్ రిక్వెస్ట్ ముందే పెట్టుకోవచ్చు.

చివరి రోజు ఫైనల్స్ ఉంటాయి, గంట ముందే వెళ్ళి చూడండి. ఎవాల్యుయేషన్ షీట్ ఇస్తే కార్లో చదివి క్లాస్ పీకకండి, ఆ రోజు వాడు ఎలాగూ సీట్ బెల్ట్ పెట్టుకోగానే నిద్రపోతాడు. బయల్దేరేముందు రూమ్ తాళం వెనక్కి ఇచ్చాడో లేదో మాత్రం జేబు చూసి మరీ కనుక్కోండి, మాకు నలభై మైళ్ళు వచ్చేశాక వాడి షార్ట్స్ జేబులో దొరికింది.