హాస్పిస్‌లో సేవకు వెళ్లే విశ్రాంత ఉద్యోగులకు కొన్ని జాగ్రత్తలు

పదవీ విరమణ తరువాత చాలామంది ఏదైనా సేవ చేయాలనుకుంటారు. వారిలో కొందరైనా హాస్పిస్‌ల వైపు, అంటే మరణానికి దగ్గరైన రోగులను చూసుకునే చోట్ల వైపు రావాలని నా కోరిక. హైదరాబాద్‌లో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ వంటి సంస్థలు, తెలంగాణ జిల్లాల్లోని ప్రభుత్వ ఉపశమన చికిత్స (నయంకాని జబ్బులో నొప్పిని, బాధను తగ్గించే పాలియేటివ్ కేర్) కేంద్రాలు రోగుల నుంచి రూపాయి తీసుకోకుండా పనిచేస్తున్నాయి. కోజికోడ్‌లో 1993లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ఏర్పడిన తరువాత కేరళలో ఈ పనిని ఊళ్లకు ఊళ్లే తలకెత్తుకున్నాయి. మన దగ్గర ఇంకా అంతగా వేళ్లూనుకోలేదు. కాబట్టి వచ్చేవారు నిలవాలి, వారివల్ల రోగికి హాని జరగకూడదు. మంచి మనసుతో వచ్చినవారి వల్ల కూడా హాని జరుగుతుంది. అది ఎక్కువగా రెండు దారుల్లో వస్తుంది: ఒకటి మనం ఆడే మాట, రెండోది మనం తినిపించే చెంచా.

ముందు మీ సంగతి చూసుకోండి. భార్య, భర్త లేదా తోబుట్టువు ఇటీవలే పోయి ఉంటే ఏడాది పాటైనా ఆగండి. ఆ దుఃఖం తీరకముందే మంచం పక్కన కూర్చుంటే ఎదుటివారిలో మీవారే కనిపిస్తారు. మీకున్న బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పుల గురించి సంస్థవారికి దాచకుండా చెప్పండి. ఇన్‌ఫ్లుయెంజా, హెపటైటిస్-బి టీకాల గురించి మీ డాక్టరును అడగండి. మొదట్లో వారానికి ఒక పూట చాలు.

ఇక మాట. ముప్పై ఏళ్లు బ్యాంకులోనో బడిలోనో నలుగురికి చెప్పి పనిచేయించినవారికి ఊరుకోవడం కష్టం. ఫలానా ఊళ్లో పసరు ఇస్తారనీ, మా బావమరిదికి దానితోనే నయమైందనీ అనకండి. ఆ ఒక్క మాట పట్టుకుని అప్పు చేసి బయలుదేరే కుటుంబాలు ఉంటాయి. జబ్బును పూర్వజన్మ కర్మకు ముడిపెట్టకండి. రోగి అడగనిదే ప్రార్థనలు, ప్రవచనాలు మొదలుపెట్టకండి.

అన్నిటికన్నా చిక్కైన సందర్భం ఒకటుంది. అమ్మకు జబ్బు పేరు చెప్పవద్దని కొడుకు గుమ్మం దగ్గరే చేతులు పట్టుకుంటాడు. లోపలికి వెళ్లగానే ఆ తల్లి, "నేను ఇంటికి వెళ్తానా బాబూ?" అని అడుగుతుంది. తప్పకుండా వెళ్తారని అబద్ధం చెప్పకండి. ఉన్న సంగతి బయటపెట్టడమూ మీ పని కాదు. "మీకేమనిపిస్తోందమ్మా?" అని అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి. తరువాత నర్సుకో, కౌన్సెలర్‌కో ఉన్నదున్నట్టు చేరవేయండి. చాలాసార్లు ఆమెకు అప్పటికే తెలిసి ఉంటుంది. కావలసింది చెప్పుకోవడానికి ఒక మనిషి మాత్రమే.

రెండోది తిండి. రెండు ముద్దలైనా తినకపోతే ఎలాగని బతిమాలడం మనకు ప్రేమ. కానీ చివరి రోజుల్లో ఆకలి, దాహం వాటంతట అవే తగ్గిపోతాయి. తినకపోవడం వల్ల మనిషి పోవడం లేదు, పోయే దశలో ఉన్నందువల్ల తినలేకపోతున్నారు. మింగే శక్తి లేనివారి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. నర్సును అడగకుండా కొబ్బరినీళ్లు కూడా పట్టకండి. తులసి తీర్థం పోయాలని బంధువులు ఆరాటపడితే కాదనకండి. తడి దూదితో పెదవులకు అద్దితే చాలని నర్సు చేత చెప్పించండి. వారి మనసూ నిలుస్తుంది, రోగికీ ఉక్కిరిబిక్కిరి ఉండదు.

తీవ్రమైన నొప్పి తగ్గడానికి ఇచ్చే మార్ఫిన్ మందు గురించి అపోహలు మనమే మోసుకురాకూడదు. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే అది వ్యసనంగా మారుతుందన్న భయం అక్కర్లేదు. ఈ మందు రోగులకు సులభంగా అందడానికే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. అయినా ఒక్క మాత్ర కూడా మీ చేతితో ఇవ్వకండి. నొప్పి ఏ వేళ ఎక్కువవుతోందో, విరేచనం ఎన్నాళ్లుగా కాలేదో గమనించి చెప్పండి. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, రోగులు సిగ్గుపడి చెప్పరు.

రోగిని ఒంటరిగా లేపకండి, మీ నడుము, వారి ఎముకలు రెండూ ప్రమాదంలో పడతాయి. లోపలికి వెళ్లే ముందు, బయటికి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఆ వారం వెళ్లకండి. వాడిన సూదిని ముట్టుకోవద్దు. ఫొటోలు ఎవరు అడిగినా వద్దు.

కాగితాల పనిలో విశ్రాంత ఉద్యోగులు నిజంగా అక్కరకు వస్తారు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలనీ, బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నారో లేదో చూసుకోవాలనీ కుటుంబానికి చెప్పండి. అయితే స్పృహ అంతంతమాత్రంగా ఉన్న మనిషి వేలిముద్ర కోసం ఎవరైనా దస్తావేజు తెస్తే సాక్షి సంతకం పెట్టకండి. వెంటనే సంస్థ బాధ్యులకు తెలపండి. ఏటీఎం కార్డు, పిన్ నంబరు మీ చేతికి తీసుకోవద్దు. కృతజ్ఞతగా ఇచ్చే డబ్బూ వద్దు.

ఒక రోగి పోయిన వారం మీకు నిద్ర పట్టకపోవచ్చు. ఇంట్లో రోగి పేరు, వివరాలు చెప్పకుండా మీ బాధ మాత్రం చెప్పుకోండి. వాలంటీర్ల సమావేశాలకు తప్పక వెళ్లండి. రెండు మూడు వారాలు ఆగి రావాలనిపిస్తే ఆగండి, అందులో తప్పేమీ లేదు.

అమెరికాలో పిల్లల దగ్గరకు ఆరు నెలలు వెళ్తున్నారా? కనీసం నెల ముందే సంస్థకు చెప్పండి. రోగికి కూడా మీరే చెప్పి సెలవు తీసుకోండి. "వచ్చే మంగళవారం వస్తాను" అని మాటిస్తే అక్కడ ఒకరు ఆ మంగళవారం కోసం చూస్తుంటారు. వెళ్లలేకపోతే ఉదయమే ఫోను చేసి, రాలేనన్న కబురు నర్సు ద్వారా వారికి చెప్పించండి.