పొదగవేసే గుడ్లను ఏరుకోవడం, పరీక్షించడం

మా ఇల్లు వరిచేలను ఆనుకొని ఉండేది కనుక, కోతలయ్యాక కళ్ళంలో రాలిన గింజలు తిని బలిసిన నాటుకోళ్ళను పొదగవేయడం మా నాయనమ్మకు ఎంతో ఇష్టమైన పని. ఆమె వద్ద నేర్చుకున్న ఈ పద్ధతి పెరటికోళ్ళు పెంచేవారికి నేటికీ పనికివస్తుంది.

వారం లోపు పెట్టిన గుడ్లనే ఎంచుకోవాలి, వాటిని కడగకూడదు. కడిగితే పెంకుపై ఉండే సహజమైన పొర పోయి, సన్నని రంధ్రాల గుండా సూక్ష్మక్రిములు లోపలికి చేరతాయి. గంపలో ఎండుగడ్డి పరచి, కోడి రెక్కల కింద పూర్తిగా ఇమిడేలా 10 నుంచి 12 గుడ్లు పెడితే చాలు.

అసలు మెళకువ ఏడవ రోజు రాత్రి ఉంది. గదిలో దీపాలార్పి, గుడ్డు మొద్దుకొనను టార్చిలైటుకు ఆనించి చూసినప్పుడు, చిన్న నల్లని చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్ళలా అల్లుకున్న ఎర్రని నరాలు కనిపిస్తే లోపల పిండం ఎదుగుతున్నట్లే. ఏ గీతా లేకుండా తేటగా కనిపించినదాన్ని తీసివేయాలి. లేకుంటే అది మురిగి, పగిలి, తక్కిన గుడ్లను కూడా పాడుచేస్తుంది. చివరి మూడు రోజులు మాత్రం గుడ్లను అసలు కదపకూడదు.

సుమారు 21వ రోజున పిల్లలు బయటికి వస్తాయి. కోళ్ళకు సోకే అంటువ్యాధి అయిన కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా వాటికి మొదటి వారంలోనే లసోటా అనే టీకా చుక్కలమందు వేయించండి. పురుగుమందు చల్లిన చేలవైపు తల్లీపిల్లలను వదలకండి.